డీజిల్ పిరమైనంక మొగులు ఎంబడి ఉరుకుడు గిట్టుబాటు అయితదా?

తమ్మీ, ముందుగల్ల నువ్వు అడిగింది ఒకపారి మళ్ళ చెప్త, కొత్తగ చదివేటోళ్లకు కూడ తెల్వాలె గద. దేవరకొండ దిక్కు ఊరు, డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఇంట్ల నాయినది పాత ఆల్టో ఒకటి, స్ప్లెండర్ ఒకటి. పోయిన ఎండకాలం ఉరుముల మొగుళ్ళ ఎంబడి తిరిగి ఫొటోలు తియ్యాలని స్టార్మ్ చేజింగ్ మొదలుపెడితే పెట్రోల్‌కే తొమ్మిది వేలు అయినయ్, చేతికొచ్చిన మంచి ఫొటోలు రెండు. రేట్లు ఇట్లనే పోతే ఈ షౌక్ మనసొంటోళ్లది కాదేమో, బంద్ చేయాల్నా లేకపోతే కారు పక్కన పెట్టి బండి మీద తిరగాల్నా అని నీ సవాల్.

బండి ముచ్చట ముందు తెంపేస్త. వద్దు. స్ప్లెండర్ లీటర్‌కు అరవై ఇస్తది, ఆల్టో పద్దెనిమిది ఇస్తది, మూడింట్ల రెండొంతుల పైసలు మిగులుతయ్ కదా అనిపిస్తది, 2011ల నేను షురూ చేసినప్పుడు నాక్కూడ అట్లనే అనిపించింది, అప్పుడు నా దగ్గర ఉన్నది కూడ బండే. హాలియా అవుతల రోడ్డు పక్కకు ఆపి ట్రైపాడ్ నిలబెడుతున్న, నెత్తి మీద చుక్క వాన లేదు, పడమర దిక్కు మాత్రమే నల్లగుంది, రెండు మడ్ల అవుతల ఉన్న తాటిచెట్టు మీద పడ్డది పిడుగు. మట్టలు కాలుకుంట కిందికి రాలుతుంటే చూసుకుంట నిలబడ్డ, చెవులు పది నిమిషాలు గుయ్యిమన్నయ్, ట్రైపాడ్ ఎప్పుడు ఇడిసిపెట్టిన్నో నాకే యాది లేదు. పిడుగు వాన పడే కాడనే పడాలని ఏం లేదు, మొగులు నుంచి పది కిలోమీటర్లు ముందుకొచ్చి కూడ పడుతది. మెరుపు కనబడ్డంక లెక్కపెట్టు, ప్రతి మూడు సెకండ్లకు ఒక కిలోమీటర్, ముప్పై లోపట ఉరుము ఇనబడితే నువ్వు దాని చేతిల ఉన్నట్టే. కారు అయితే పైన ఇనుప రేకు, అద్దాలు ఎక్కించి లోపట కూసుంటే కరెంటు బాడీ మీదికెళ్ళి భూమిలకు పోతది. బండి మీద నీకు నువ్వే రేకు. పుణెల ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థోళ్లు చేసిన దామిని యాప్ ఉంటది, చుట్టుపక్కల ఇరవై, నలభై కిలోమీటర్ల లోపల పిడుగులు ఎక్కడ పడుతున్నయో చూపెడతది, పైసా ఖర్చు లేదు, అది ఫోన్ల లేకుండ ఇంట్ల నుంచి కాలు బయట పెట్టకు.

ఇగ అసలు లెక్కకు వద్దాం. లెక్క సులువుకు లీటర్ వంద అనుకో. నాది సెకండ్ హ్యాండ్ డీజిల్ స్విఫ్ట్, ఏసీ ఏసుకొని ఊర్ల రోడ్ల మీద తిప్పితే పద్దెనిమిది దాటది. ఒక సాయంత్రం 250 కిలోమీటర్లు తిరిగితే పద్నాలుగు లీటర్లు, అంటే 1400. రేటు పది రూపాయలు పెరిగిందనుకో, నీ ట్రిప్ మీద పడేది 140. అదే నువ్వు తప్పుడు మొగులు ఎంబడి పోయినవనుకో, పోయేది మొత్తం 1400. ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూడు. నీ తొమ్మిది వేలల్ల రేటు పెరిగినందుకు పోయింది ఎంత, ఉత్తగ ఉరికినందుకు పోయింది ఎంత?

నేను మొదటి నుంచి నోట్‌బుక్ల రాస్త, తారీఖు, కిలోమీటర్లు, లీటర్లు, ఏం కనబడ్డది. 2016 మొదట్ల డీజిల్ యాభై చుట్టుపక్కల ఉండె, ఆ రోజుల్ల నా నోట్‌బుక్ చూస్తే నాకే సిగ్గయితది, ఆకాశంల తెల్లటి దూదిపింజ కనబడితే చాలు కారు తీసిన, రాసుకున్న కాడ సగానికి సగం "ఏం లేదు", "చెదిరిపోయింది", "లేటైంది". 2021 జూన్ల హైదరాబాద్ల పెట్రోల్ వంద దాటింది, 2022 మార్చ్ 22 నుంచి ఇంచుమించు రోజుకు ఎనభై పైసల చొప్పున ఎక్కుకుంట ఏప్రిల్ల 119కి పోయింది, అప్పుడు నల్లగొండల మా ఫొటో స్టూడియోల పోరగాండ్లు పొద్దుగాల రాంగనే ఇయ్యాల ఎంత అన్నా అని అడిగేటోళ్లు, క్రికెట్ స్కోర్ లెక్క. మే నెలల సెంటర్ ఎక్సైజ్ పెట్రోల్ మీద ఎనిమిది, డీజిల్ మీద ఆరు తగ్గించినంక జర కిందికి దిగింది, మళ్ళ 2024 మార్చ్ల రెండు రూపాయలు తగ్గింది. గని ఆ 2022 ఎండకాలమే నాకు అప్పటిదాకా పడ్డ వాటిల్ల మంచి సీజన్. భయానికి కారు తియ్యలె, పక్కా అనుకున్న దినం తప్ప ఇంట్లకెళ్ళి కదల్లె, పోయిన ట్రిప్పులు మూడో వంతు, ఫొటోలు ఎక్కువ. డీజిల్ పిరమయ్యి నాకు అకల్ వచ్చింది అనుకోరాదు.

మనం ఈ షౌక్ నేర్చుకున్నది అమెరికోళ్లను చూసి, అక్కడనే తప్పు పడ్డది. వాళ్ల దగ్గర డేవిడ్ హోడ్లీ అనే ఆయన 1956ల నార్త్ డకోటల షురూ చేసిండు, ఓక్లహోమా, కాన్సస్ దిక్కు ఇప్పటికీ ఒక్క దినంల ఐదు వందలు, ఎనిమిది వందల కిలోమీటర్లు ఉరుకుతరు. 2022 జూన్ల వాళ్ల దేశంల సగటు రేటు గాలన్‌కు ఐదు డాలర్లు అయితే లొల్లి లొల్లి అయింది, ఈసారి సీజన్ ఎట్ల అని చేజర్లు తలకాయ పట్టుకున్నరు. గాలన్ అంటే 3.78 లీటర్లు, అప్పటి డాలర్ లెక్క 78 రూపాయలు పెట్టుకుంటే లీటర్ 103 పడుతది. అదే నెలల హైదరాబాద్ల రేటు తగ్గినంక కూడ 109. వాళ్లు ఆగమైన రేటు కంటే అప్పుడు మనం పెట్టిందే ఎక్కువ, సంపాదన మాత్రం ఎక్కడిదక్కడ్నే. వాళ్లకు అంత దూరం ఉరికితే ఫలితం ఉంటది ఎందుకంటే అక్కడి సూపర్‌సెల్, అంటే పెద్ద ఉరుముల మొగులు, మూడు నాలుగు గంటలు బతుకుతది, కింద గాలి ఒక దిక్కు, పైన గాలి ఇంకో దిక్కు బలంగ కొట్టవట్టి అది తిరుక్కుంట పోతది, రోడ్లు గీత గీసినట్టు ఉంటయ్. అయినా 2013 మే 31న ఓక్లహోమాల ఎల్ రీనో కాడ టోర్నడోల చిక్కి టిమ్ సమారాస్ అసొంటి అనుభవం ఉన్న చేజరే కొడుకుతోని, జతగానితోని కలిసి పాణం ఇడిసిండు, అది వేరే ముచ్చట.

మన కాడ మే నెలల పైన గాలి అంత బలంగ ఉండది. పొద్దంత ఎండకు నేల కాగుతది, బంగాళాఖాతం దిక్కు నుంచి తేమ వస్తది, మధ్యాహ్నం మూడు నాలుగింటికి మొగులు నిలువునా లేస్తది, వాన కొడుతది, ఆ వానతోని దిగే చల్ల గాలి కింద పరుచుకొని దానికి అందే ఎచ్చటి గాలిని కోసేస్తది. తన పొయ్యి మీద తనే నీళ్లు పోసుకున్నట్టు. ఒక్కో మొగులు ఆయుస్సు ముప్పావు గంట, మహా అయితే గంట. అరవై కిలోమీటర్ల అవుతల కనబడ్డదాని ఎంబడి మన రోడ్ల మీద, బర్లు, ట్రాక్టర్లు, స్పీడ్ బ్రేకర్లు అన్నీ దాటుకుంట పోతే నువ్వు పోయేది దాని దినాలకే.

నా కత చెప్త ఇను. 2018 మే, పెండ్లి ఆర్డర్ లేని దినం దొరుకుడే కష్టం, ఎందుకంటే మన పెండ్లిళ్ల సీజన్, గాలివానల సీజన్ ఒక్కటే, దేవుడు మా ఫొటోగ్రాఫర్ల మీద పగపట్టి పెట్టినట్టుంటది. మూడున్నరకు నల్లగొండల మా డాబా ఎక్కి చూస్తే నైరుతి దిక్కు కల్వకుర్తి మీద అనుకుంట, ఇంత పెద్ద గోపురం లేచింది. కారు తీసి మల్లేపల్లి రోడ్డు పట్టిన. గుర్రంపోడు కాడ ఎదురుంగ దుమారం వచ్చింది, ఎర్రటి దుమ్ము, అద్దం దించితే చల్లగ తాకింది, ఆహా దగ్గరికొచ్చిన అని ఇంక గట్టిగ తొక్కిన. మల్లేపల్లి చేరేసరికి నెత్తి మీద బూడిద రంగు చాప పరిచినట్టు పల్చటి మొగులు, నాలుగు చుక్కలు, అంతే. హోటల్ల చాయ్ తాగుకుంట కూసున్న. ఐదున్నరకు ఇంట్ల నుంచి ఫోన్, "ఏడున్నవ్, ఇక్కడ రాళ్ల వాన కొడుతుంది, రేకులు పగులుతున్నయ్, స్టూడియో బోర్డు లేసిపోయింది." నేను ఇడిసిపెట్టి వచ్చిన నల్లగొండల! మా ఆమె బయట పెట్టిన బకెట్ల పడ్డ రాళ్లను ఫోన్‌తోని ఫొటో తీసింది, బకెట్ నీలం, రాళ్లు తెల్లగ, ఒకటి నిమ్మకాయంత, ఇప్పటికీ స్టూడియోల గోడకు ఉంది, వచ్చినోళ్లందరు అది నేనే తీసిన అనుకుంటరు, నేను కూడ కాదని చెప్ప.

అయింది ఏందంటే, ఆ పాత మొగులు చచ్చేటప్పుడు ఇడిసిన చల్ల గాలే గుర్రంపోడు కాడ నా కారు మీదికెళ్ళి పోయింది, అది పోయి పోయి ముందున్న తేమ గాలిని ఎగదోసింది, కొత్త మొగులు నా ఎనకనే పుట్టి నల్లగొండ మీదికి పోయింది. దుమారం మొఖానికి చల్లగ తాకినప్పుడు ఆగాలె, ఎనక్కి తిరిగి చూడాలె. నేను గట్టిగ తొక్కిన. నూరు కిలోమీటర్ల డీజిల్ పోయింది, ఇంటి ముందటి రాళ్ల వాన పోయింది.

ఇగ అప్పటి నుంచి నాకు ఒక్కటే రూల్, ఇంటి చుట్టు ఇరవై ఐదు, ముప్పై కిలోమీటర్ల గిర్ర గీసుకున్న, అది దాటి పోను. మొగులు ఎంబడి ఉరుకుడు కాదు, అది వచ్చే దారిల పోయి కూసునుడు. నల్లగొండల అయితే పానగల్లు ఉదయసముద్రం కట్ట దిక్కు కారు పెట్టుకుంట, కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట కింద నుంచి చూస్త. పైకి ఎక్కకు, గుట్ట మీద నిలబడితే ఆ చుట్టుపక్కల అన్నిట్ల కంటే ఎత్తున్నది నీ నెత్తే. పాలమూరోళ్లు అయితే మన్యంకొండ దిక్కు, కోయిల్‌సాగర్ దిక్కు. నీకు డిండి ఉంది, ముప్పై కిలోమీటర్ల లోపలే, ఇంక ఏం కావాలె. ఇంకో మాట, మొగులు ముందట నిలబడుడు కంటే అది దాటిపోయినంక ఎనక నుంచి చూసుడే మంచిగుంటది. అది తూర్పుకు జరిగి పొద్దు పడమర నుంచి దాని మీద పడితే ఆరు, ఆరున్నరకు మొత్తం గోపురం రాగి బిందె లెక్క మెరుస్తది, కింద ఇంద్రధనస్సు, లోపట మెరుపులు. దానికి నువ్వు ఉరకాల్సింది లేదు, ఉన్న కాడ కూసొని అది పోనియ్యాలె, అంతే. ఇంచుమించు డీజిల్ లేని ఫొటో అది.

ఎప్పుడు కూసోవాలె అన్నది పొద్దుగాల తేల్చుకో, సాయంత్రం కాదు. హైదరాబాద్ల వాతావరణ శాఖోళ్లు పొద్దున ఐదున్నరకు బెలూన్ ఇడుస్తరు, దాని లెక్క వ్యోమింగ్ యూనివర్సిటీ వెబ్‌సైట్ల వస్తది, హైదరాబాద్ స్టేషన్ నంబర్ 43128. అండ్ల కేప్ (CAPE), సిన్ (CIN) అని రెండు నంబర్లుంటయ్. కేప్ అంటే మొగులును లేపే బలం, పొయ్యి కింద మంట లెక్క, సిన్ అంటే దాన్ని లేవకుండ ఆపేది, గిన్నె మీద మూత లెక్క. మూత మస్తు బరువుంటే పొద్దంత కాగి కాగి ఏం కాకుండనే పొద్దు గూకుతది. మూత అసలే లేకపోతే పదకొండు గంటలకే చిల్లర మొగుళ్ళు లేచి బలం అంత చెదిరిపోతది. మధ్యరకంగ ఉన్న దినం నాలుగింటికి ఒక్కసారే ఎగిరిపోతది మూత. దానికి తోడు బులెటిన్ల విదర్భ నుంచో ఛత్తీస్‌గఢ్ నుంచో తెలంగాణ మీదికెళ్ళి తమిళనాడు దాకా ద్రోణి ఉందని రాస్తే, పొద్దున్నే బనీను ఒంటికి అతుక్కుంటే, ఆ దినం ట్యాంక్ చూసుకో. మధ్యాహ్నం అయినంక వాన మొగుళ్ళు ఎక్కడున్నయో చూపెట్టే హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మ ఫోన్ల పెట్టుకో, పది నిమిషాలకు ఒకపారి మారుతుంటది, నల్లగొండ, పాలమూరు రెండూ దాని చూపుల ఉంటయ్. దాని మీద సన్నటి తీగ లెక్క గీత కనబడితే అదే నేను చెప్పిన చల్ల గాలి అంచు, మల్లేపల్లి దినం నేను ఫోన్ తెరిచి చూసుంటే తెలుస్తుండె.

కండ్లతోని చూసుడు కూడ నేర్చుకో, డాటా కూడ అక్కర్లేదు. మొగులు నెత్తి గోబీ పువ్వు లెక్క గట్టిగ, అంచులు కోసినట్టు ఉంటే అది ఇంకా పెరుగుతుందన్నట్టు. అంచులు కరిగి, దూది దువ్వినట్టు పక్కలకు పరుచుకుంటే పైన మంచు కట్టింది, జవాన్ వయసు అయిపోయింది, దూరంల ఉంటే దాని కోసం కారు తియ్యకు, దాని పక్కన కొత్త గోబీ పువ్వు లేస్తుందా చూడు.

పైసలు మిగిలించబోయి నేను చేసిన గాడిద పని ఒకటి ఉంది, అది నువ్వు చెయ్యకు. రేట్లు పెరిగినప్పుడు ట్యాంక్ నింపుకుండ ఐదు వందలకు, మూడు వందలకు కొట్టిచ్చుకుంట తిరిగిన. ఒక రాత్రి పెద్ద గాలివాన పోయినంక వాపస్ వస్తుంటే రిజర్వ్ లైట్ ఎలిగింది, వరుసగ రెండు బంకులు చీకటి, కరెంటు స్తంభాలు పడిపోయినయ్, జనరేటర్ లేదు, పంపు నడువది. మూడో బంకుల జనరేటర్ ఉంది గని లైన్ల నలభై బండ్లు. గాలివాన వచ్చిన రాత్రే డీజిల్ దొరకది, గుర్తుపెట్టుకో, సగం ట్యాంక్ లేకుండ ఆ రోజు బయలెల్లకు. ఏసీ ఏసి ఇంజన్ ఆన్ పెట్టి కూసుంటే గంటకు లీటర్ దగ్గర తాగుతది, ఉరుములు దగ్గరికొచ్చే దాకా అద్దాలు దించి కూసో, దగ్గరికొచ్చినంక ఎట్లైనా చల్లగైతది, అద్దాలు ఎక్కించు. శ్రీశైలం రోడ్డు దిక్కు మొగులు మస్తు అందంగ ఉంటది, నల్లమల మీద లేస్తే చూడాలె, గని మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూస్తే పొద్దున ఆరుకే తీస్తరు, అవుతల చిక్కితే ఆ రాత్రి నీదీ కారుదీ అడివే. మక్తల్, గద్వాల దిక్కోళ్లు రాయచూర్ పోయి కొట్టిచ్చుకొస్తరు, కర్ణాటకల రేటు జర తక్కువ, మన కాడ పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం మరి. బార్డర్ మీద ఉన్నోళ్లకు అయితే సరే, దాని కోసం ఇక్కడికెళ్ళి పోతే మిగిలేది ఏం లేదు.

ఇంకో ఖర్చు ఎవ్వరూ లెక్క రాయరు, రాళ్ల వాన. ఒకపారి నాకు ముందటి అద్దం పోయింది, ఆరు వేలు, అంటే నాలుగు ట్రిప్పుల డీజిల్ ఒక్క నిమిషంల. అందుకే రాళ్ల వాన లోపటికి చొచ్చుకొని పోయే పిచ్చి మానుకున్న. 2024 మే 26 గాలికి నాగర్‌కర్నూల్ జిల్లాల గోడలు, షెడ్లు కూలి మనుషులే పోయిండ్రు, మనం ఫొటో కోసం చెట్టు కింద, రేకుల కింద కారు పెట్టేటోళ్లం.

పైసలు నిజంగ తగ్గేది సీటు నిండితే. ఇప్పుడు మేము ముగ్గురం ఒక కార్ల పోతం, ఒకాయన సార్, ఇంకో పిలగాడు మొబైల్ షాపుల చేస్తడు, డీజిల్ మూడు ముక్కలు, ఒకరు నడిపితే ఒకరు రాడార్ చూస్తరు, ఒకరు చాయ్‌లకు పైసలిస్తరు. బస్సు కూడ తక్కువ అంచనా ఏయకు. ఒక దినం దేవరకొండల పని పడి మా ఆమెతోని బస్సుల పోయిన, కిటికీ సీటు, వచ్చేటప్పుడు చీకటి పడ్డది, అరవై కిలోమీటర్లు మెరుపులు చూసుకుంటనే వచ్చినం, ఇనుప డబ్బాల కూసున్నం కాబట్టి భయం లేదు, ఆమెకు జీరో టికెట్, నాకొక్కనికే పైసలు పడ్డయ్. మోటర్లు, కార్లు అన్నీ దండగ అని అప్పటి నుంచి నాకు రోజు ఇనబడుతనే ఉంటది.

ఒక్కటి మాత్రం పైసలతోని సంబంధం లేకుండ చెప్త. ఏప్రిల్, మే అంటే వడ్లు ఇంక కల్లాల మీద, ఐకేపీ సెంటర్ల ముందట కుప్పలు పోసి ఉంటయ్, బత్తాయి చెట్టు మీదనే ఉంటది. నువ్వు మొగులు చూసి ఎగురుతుంటే పక్కన రైతు అదే మొగులు చూసి ఏడుస్తుంటడు. ఓసారి కనగల్ దిక్కు ఒక పెద్దమనిషి, ఆయన ఆడమనిషి ఇద్దరే కుప్ప మీద పట్టా కప్పుతుంటే గాలికి ఆగుతలేదు, నేను కెమెరా కార్ల ఏసి ఆ కొస పట్టుకున్న, రాళ్లు పెట్టినం, తడిసి ముద్దయిన. ఆ సాయంత్రం పడమర దిక్కు ఎర్రగ పేలింది ఆకాశం, ఒక్క ఫొటో లేదు నా దగ్గర. ఆయన మాత్రం యాసంగి వడ్లు అమ్మినప్పుడల్ల ఫోన్ చేస్తడు.

ఇప్పుడు నీ లెక్క. తొమ్మిది వేలు కాదు, సీజన్‌కు మూడు వేలు పెట్టుకో. వందకు లీటర్ అయితే ముప్పై లీటర్లు, ఆల్టో మీద 540 కిలోమీటర్లు. డిండి పోయి రావడానికి అరవై పెట్టినా తొమ్మిది సాయంత్రాలు వస్తయ్. రేటు 110 అయితే ఎనిమిది వస్తయ్, ఒక్కటే తక్కువ. పోయిన సీజన్ల నువ్వు తిరిగిన తారీఖులు అన్నీ రాసి పంపు, ఆ దినాల బెలూన్ లెక్కలు పాతయి కూడ దొరుకుతయ్, ఎన్నిట్ల అసలు కదలకుండ ఉండాల్నో ఇద్దరం కూసొని చూద్దాం. ఏప్రిల్ల ఒక ఆదివారం నల్లగొండ రా, మా కార్ల నాలుగో సీటు ఖాళీ ఉంటది, డీజిల్ల నీ వాటా నూటయాభై తెచ్చుకో, చాయ్ పైసలు కూడ.